మూడో గేటు, పదమూడు పది

నాకు ఆ నాలుగు రోజులు జ్వరం లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఒక మనిషి ఉద్యోగం, పరువు పోతూ ఉంటే మంచం మీద పడుకుని వినాలనిపించింది. అందుకే జ్వరమని సిక్ రిపోర్టు రాయించుకున్నాను.

మా సంఘంలో ఆడవాళ్లు ఈ సంగతిని క్షమాపణ కథగా చెప్పుకుంటున్నారు. సండే స్కూలు పిల్లలకు కూడా చెప్తున్నారట. నలుగురిలో లేచి కాదనడానికి నాకు నోరు పెగలదు. రాయడం వచ్చు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

శిక్షణ ముగించుకుని జూన్ నెలలో ఒక సోమవారం ఉదయం ఆరూ ఇరవైకి విశాఖపట్నంలో రైలు దిగాను. ఒక ట్రంకు పెట్టె, ఒక హోల్డాల్. వయసు ఇరవై మూడు. నాన్న లేడు, అమ్మకు గుండె జబ్బు, చూసేవాళ్లు ఎవరూ లేరు. అందుకని దయతలచి సొంత ఊళ్లోనే పోస్టింగ్ ఇచ్చారు. దళం పేరు రాయను, యార్డు పేరూ రాయను. పోర్టు వైపు ఎరువుల గిడ్డంగులు. వన్ టౌన్‌లో మా ఇంటికి రెండున్నర కిలోమీటర్లు. కానీ బ్యారక్‌లోనే ఉండాలి. పదిహేను రోజులకొకసారి ఆదివారం నాలుగు గంటల అవుట్ పాస్.

యార్డు చుట్టూ పన్నెండు అడుగుల గోడ, దాని మీద ముళ్లతీగ. నాలుగు గేట్లు. మూడోది ఆడకూలీలది. గేటు పక్కన ఇసుక బస్తాల మోర్చా, అందులో రైఫిల్‌తో ఒక జవాను. మోర్చా వెనక రేకుల గది. అదే నా చోటు. బయటికి పోయే ప్రతి ఆడమనిషినీ అక్కడ సోదా చెయ్యాలి. నాకిచ్చిన సామాను: లాఠీ, విజిల్, టార్చి, చేత్తో పట్టుకునే డిటెక్టరు, రెయిన్ కేప్. షిఫ్టు ఆరు నుంచి పద్నాలుగు. జూన్‌లో ఆ రేకుల కింద గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది. ఎరువు ధూళికి కళ్లు మండేవి, అన్నం కూడా చేదుగా అనిపించేది.

గేట్లన్నిటి మీదా ఒక ఇన్‌స్పెక్టరు. విజయనగరం వైపు మనిషి. జవానుగా చేరి ఇరవై ఆరేళ్లకు అక్కడికి వచ్చాడు. బెల్టు బకిల్ మెరవకపోతే ఎండలో నిలబెట్టేవాడు. నేను మెల్లగా మాట్లాడతానని మొదటి రోజే అందరి ముందూ అన్నాడు: "ఈ పిల్ల ఆగు అంటే దొంగ పక్కన కూకుని ఏటమ్మా అని అడుగుతాడు." అందరూ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే, కంట్రోల్ రూములో వైర్‌లెస్ ఆపరేటరు. శ్రీకాకుళం మనిషి. నన్ను చెల్లీ అని పిలిచేవాడు.

నాకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటు. సండే స్కూల్లో నేర్పారు. ఒక నోటు పుస్తకం, ఎడమ పేజీలో ఆ రోజు జరిగింది, కుడి పేజీలో ఎవరి కోసం ప్రార్థించాలో వాళ్ల పేర్లు. డ్యూటీలో చేరాక ఎడమ పేజీలో గంటలు, నిమిషాలు వచ్చి చేరాయి. అది దేవుడు చదివే పుస్తకం కనుక అందులో అబద్ధం రాయకూడదన్నది నా నియమం.

జులై చివరి వారంలో ఢిల్లీ నుంచి ఒక మంత్రి యార్డు చూడటానికి వచ్చాడు. ఆడ కానిస్టేబుళ్లం ఇద్దరమే, ఒకరు లేకపోతే గేటు నడవదు. ఆ రోజు షిఫ్టు పద్దెనిమిది గంటల దాకా పొడిగించారు. పదిహేడు యాభైకి ఇన్‌స్పెక్టరు నా గదికి వచ్చి మడతపెట్టిన చీటీ ఒకటి ఇచ్చాడు. మా పక్కింటి అత్త పెద్దాసుపత్రి దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి చేసిన ఫోను. అమ్మకు సీరియస్, వెంటనే పంపండి. చీటీ మీద ఆపరేటరు రాసిన టైము ఏడు పది.

"మంత్రి గొడవలో పడి మర్సిపోనానమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎల్లు. నాను రాసుకుంటాను."

అమ్మ పదకొండు నలభైకి పోయింది. నేను వెళ్లేసరికి మార్చురీ బయట బల్ల మీద ఉంది. చివరిదాకా గుమ్మం వైపే చూసిందని అత్త చెప్పింది. ఏడు పది నుంచి పదకొండు నలభై దాకా నాలుగున్నర గంటలు. నేను నడిచినా అరగంటలో చేరేదాన్ని.

సమాధి చేసిన మర్నాడు ఎడమ పేజీలో, చీటీ ఏడు పదికి వచ్చింది, ఇన్‌స్పెక్టరు ఇవ్వడం మరిచిపోయాడు అని రాశాను. కుడి పేజీలో అమ్మ పేరు కొట్టేసి, ఆ పైన ఇన్‌స్పెక్టరు అని రాశాను. దాని కింద ఆయనకు ఏం కావాలో రాశాను. ఆయన పిల్లలు ఆయన్ని చూడటానికి సమయానికి రాకూడదు. ఆయన నీళ్లడిగితే ఇచ్చేవాళ్లు ఉండకూడదు. ఉద్యోగం అవమానంతో పోవాలి. రోజూ ఉదయం అయిదింటికి మోకాళ్లూని ఇదే అడిగాను. నూట ఆరు రోజులు. పగ తీర్చడం దేవుడి పని అని పాస్టరు గారు అంటారు. సరే, ఆయనకే అప్పగించాననుకున్నాను. ఆలస్యం చేస్తున్నాడని మాత్రం కోపంగా ఉండేది. పొద్దున్నే సెల్యూట్ చేసేటప్పుడు ఆ మనిషి కణతల మీద నరం కొట్టుకోవడం చూసి, ఇది ఎప్పుడు ఆగుతుందా అనుకునేదాన్ని.

నవంబరులో తుఫాను వచ్చింది. ముందు రోజు నుంచే పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. అయినా కూలీలను పనికి రప్పించారు, ఓడ దిగిన సరుకు తడవకూడదని. పదకొండు గంటలకు గాలి ఈశాన్యం నుంచి తిరిగింది. వాన అడ్డంగా పడుతోంది. పన్నెండు నలభైకి రెండో గిడ్డంగి రేకులు లేచాయి. చెత్త ఊడ్చే ఆడకూలీలు నలభై ఒక్కమంది పరుగెత్తుకొచ్చి గేటు లోపల గుంపుగా నిలబడ్డారు. వాళ్ల వెనక మగ కళాసీలు పదిమంది. గేటుకు తాళం. తాళంచెవి ఇన్‌స్పెక్టరు దగ్గర.

ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్ సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"కంట్రోల్, గేట్ త్రీ. రేకులెగిరిపోతన్నాయి. జనాన్ని వదిలెయ్యమంటారా? ఓవర్."

జవాబు ఆపరేటరుది కాదు. పెద్ద సాబ్ గొంతు, మా మీద అధికారిది. "గేట్ త్రీ, ఆపి ఉంచు. సోదా లేకుండా ఒక్కరు కూడా బయటికి పోకూడదు. ఓవర్."

పదమూడు ఆరు. ఒక్కొక్కరినీ సోదా చేస్తే నాకు గంట పడుతుంది. ఒక రేకు మా తలల మీదుగా వెళ్లి గోడకు కొట్టుకుంది. ఇన్‌స్పెక్టరు సెట్టు మీట తిప్పి ఆపేశాడు.

"సెట్టు పాడైపోనాది," అన్నాడు నాతో. తాళం తీసి గేటు లాగాడు. గాలికి అది మళ్లీ మూసుకుపోతోంది. టోపీ ఎగిరిపోయింది. వీపు గేటుకు ఆనించి, బూటు మడమలు బురదలో దిగేసి ఆపాడు. ఒకరి చీర కొంగు ఒకరు పట్టుకుని ఆ ఆడవాళ్లు ఆయన చంక కిందుగా వంగి బయటికి పోయారు. ఇప్పటికీ వాన గట్టిగా కురిస్తే నాకు కనిపించేది అదే. ఆ మనిషిని ఆ రూపంలో చూడటం నాకు ఇష్టం లేదు. అయినా కనిపిస్తుంది.

పదమూడు ముప్పై రెండుకు ఒక ముసలి కళాసీ గిడ్డంగి తలుపు గొళ్లెం వెయ్యడానికి వెనక్కి వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు పిలుస్తూనే ఉన్నాడు. గిడ్డంగి గోడ కూలింది. ఆయనా జవానూ చేతులతో ఇటుకలు తీశారు. ముసలాయన అప్పటికే పోయాడు.

గాలి కాస్త తగ్గాక, పద్నాలుగు నలభైకి, రేకుల గదిలో కూర్చుని అంతా రాశాను. పదమూడు పది, ఆజ్ఞ లేకుండా గేటు తెరిచాడు. సెట్టు పాడవలేదు, ఆయనే ఆపాడు. అలవాటు కొద్దీ కుడి పేజీలో ఆయన మీద శాపం కూడా రాశాను.

యూనియన్ వాళ్లు యార్డు ముందు బైఠాయించారు. ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. పన్నెండు యాభైకే గేటు తెరవమన్నానని, ఇన్‌స్పెక్టరు పదమూడు నలభై దాకా మూసే ఉంచాడని పెద్ద సాబ్ రాసిచ్చాడు. వైర్‌లెస్ పుస్తకం తడిసిపోయిందని తిరగ రాయించారు. అందులోనూ అవే టైములు. కూలి ఆడవాళ్లు ఇన్‌స్పెక్టరే తీశాడన్నారు, కానీ ఎవరి చేతికీ గడియారం లేదు. మోర్చాలోని జవాను గాలికి కళ్లు తెరవలేకపోయానన్నాడు. విచారణకు భువనేశ్వర్ నుంచి ఒక అధికారిని వేశారు.

నేను జ్వరమని పడుకున్నాను.

మొదటి రోజు హాయిగా గడిచింది. అబద్ధం చెప్పడం వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. వంటవాడు గంజి తెచ్చి పెడుతూ, ఇన్‌స్పెక్టరును సస్పెండు చేసి బెల్టు తీయించారనీ ఆయన భార్య వచ్చి గేటు దగ్గర కూర్చుందనీ చెప్పాడు. రెండు గిన్నెలు తాగాను. అమ్మ పోయాక కడుపునిండా తాగింది ఆ రోజే.

నాలుగో రోజు సాయంత్రం ఆపరేటరు బత్తాయిలు పట్టుకొచ్చాడు. బ్యారక్ గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను దుప్పటి కప్పుకుని వెళ్లి చెయ్యి చాపితే, అందుకునేటప్పుడు వేళ్లు తగిలాయి.

"జొరం మనిషి సెయ్యి ఇంత సల్లగుంటాదేటి సెల్లీ?"

చెయ్యి దుప్పటిలోకి లాక్కున్నాను.

"నాను పిరికోణ్ణి. ఇద్దరు పిల్లలు. ఏ టైము ఎయ్యమంటే ఆ టైము ఏసేను. నువ్వు రోజూ రాస్తావు. సూసేను. ఆ సీటీ మీద ఏడు పదని ఏసింది కూడా నానే. నీ బాద తెలీక సెప్పట్లేదు." అంతే. వెళ్లిపోయాడు.

మర్నాడు అయిదింటికి మోకాళ్లూనాను. ఎప్పటి మాటలే నోట్లోకి వచ్చాయి. ఆయన ఉద్యోగం అవమానంతో పోవాలి. అప్పుడు తట్టింది, ఈ పని దేవుడు చెయ్యడం లేదు. నూట ఆరు రోజులు ఆయన కదల్లేదు. చేస్తున్నది నేను, దుప్పటి కప్పుకుని. ఎడమ పేజీ తిప్పి చూశాను. నాలుగు రోజులూ ఒకటే రాసి ఉంది: జ్వరం లేదు, పడుకున్నాను. దేవుడి మీద అంత కోపం నాకు అమ్మ పోయినప్పుడు కూడా రాలేదు. ఆయన నాకు శత్రువు నాశనం ఇవ్వలేదు. పుస్తకం ఒకటి ఇచ్చాడు, అదీ నా చేతే రాయించి.

క్షమించలేదు. అది స్పష్టంగా ఉండాలి. ఒక్క మాట పట్టుకుని లేచాను. ఇన్‌స్పెక్టరు మరిచిపోయాడు. మనుషులు మరిచిపోతారు. మరిచిపోయినవాడి మీద ద్వేషం ఉంచుకుని కూడా నిజం చెప్పొచ్చు. బూట్లు పాలిష్ చేసుకుని తొమ్మిదింటికి విచారణ గది ముందు నిలబడ్డాను. లోపలికి పిలిచాక నోటు పుస్తకం అధికారి బల్ల మీద పెట్టాను.

పెద్ద సాబ్ లేచి, ఇది ఇన్‌స్పెక్టరు చెప్పి రాయించిన పుస్తకం, ఈ అమ్మాయి ఆయన మనిషి అన్నాడు. విచారణ అధికారికి తెలుగు రాదు. అయితే మొదటి నుంచి చదవండి అన్నాడు. ఒక హెడ్ కానిస్టేబుల్ చదివి హిందీలో చెప్పాలి. జులై దాటేసరికి అతని గొంతు తగ్గిపోయింది. "సాబ్, ఇది ప్రార్థన," అన్నాడు. కానివ్వమన్నాడు అధికారి. నీళ్లు అందకూడదన్నది చదివారు. పిల్లలు రాకూడదన్నది చదివారు. ఒక్కొక్క రోజూ చదివారు. ఇన్‌స్పెక్టరు బెల్టు లేకుండా సావధాన్‌లో నిలబడి ఉన్నాడు. నేను నేల చూస్తున్నాను. నా లోపలి బట్టలు నడివీధిలో ఆరేసినట్టు ఉంది. తుఫాను పేజీ దాకా చదివి ఆపారు. ఇంకొక్క పేజీ తిప్పితే నా జ్వరం కూడా బయటపడేది.

విచారణ అధికారి కళ్లద్దాలు తీశాడు. "ఈ అమ్మాయి మీ మనిషా?" అని ఇన్‌స్పెక్టరును అడిగాడు. అధికారి మెల్లగా అన్నాడు, ఒక మనిషి చావు ఇన్ని రోజులు కోరుకున్న చెయ్యి ఒక్క పూట అతని మంచి రాస్తే, అది నిజమే అయి ఉండాలి. నా ద్వేషమే ఆయన్ని ఆ కేసులోంచి బయటపడేసింది. ఇది క్షమాపణ కథ ఎలా అవుతుందో సంఘంలోవాళ్లే చెప్పాలి.

పెద్ద సాబ్‌ను ఇంకో ఊరికి పంపేశారు. ఇన్‌స్పెక్టరుకు బెల్టు తిరిగి ఇచ్చారు. తర్వాత ఎనిమిది నెలలు ఆయన నాతో డ్యూటీ మాట తప్ప మాట్లాడలేదు. నేనూ అంతే. ఆయన పేరు పట్టికలో ఉంచాను. కింద ఏమీ రాయలేదు. తిట్టడం మానేశాను, దీవెన రాలేదు.

రాజీనామా చేసింది ఆగస్టులో. మధురవాడలో ఒక కాలేజీ లైబ్రరీలో పని దొరికింది. చివరి రోజు పదకొండింటికి స్టోర్‌లో సామాను అప్పగించాను. లాఠీ ఒకటి, విజిల్ ఒకటి, టార్చి ఒకటి, డిటెక్టరు ఒకటి, రెయిన్ కేప్ ఒకటి, చిరుగుతో. ట్రంకు పెట్టె ఆటోలోకి ఎక్కిస్తుంటే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆటోవాడిని కాస్త దూరంగా వెళ్లి నిలబడమన్నాడు. చాలాసేపు నా మొహం కాకుండా ట్రంకు పెట్టె తాళం వైపే చూశాడు. థాంక్స్ చెప్తాడనుకున్నాను. చెప్తే ఏమనాలో కూడా వెతుక్కుంటున్నాను.

"నీ పుస్తకంలో ఒక తప్పుందమ్మా. నాను మర్సిపోనానని రాసేవు. మర్సిపోలేదు. పొద్దుటేల నుంచీ ఆ సీటీ జేబులోనే ఉంది, తడిమి తడిమి సూసుకుంటానే ఉన్నాను."