డాలు మీది ఇసుక గడియారం

మా బడి గేటు మీద డాలు ఆకారంలో బడి గుర్తు ఉండేది. అందులో ఒక పక్క దీపం, ఇంకో పక్క ఇసుక గడియారం. నాకు బొమ్మలు నేర్పిన డ్రాయింగ్ సారే దాన్ని వేశారు. ఆయన రిటైరయ్యాక ఆ ఉద్యోగంలో నేను చేరాను.

నిరుడు యాజమాన్యం మారింది. కొత్త కరస్పాండెంట్ నన్ను పిలిచి, "సార్, ఆ ఇసుక గడియారం చూస్తే టైం అయిపోయినట్టు అనిపిస్తది. పేరెంట్స్ సుత అడుగుతున్నరు. దాన్ని తీసేసి కంప్యూటర్ వెయ్యండి" అన్నాడు.

"ఉన్న కాలాన్ని పోగొట్టుకోవద్దని పాత డాళ్ల మీద ఆ గుర్తు వేసేవాళ్లు సార్" అన్నాను.

"గదంతా ఎవరికి తెలుస్తది? మీకు తక్లీఫ్ అయితే బయట పెయింటర్‌ని పిలుస్తా."

బయటివాళ్లు వస్తే దీపం కూడా పాడవుతుందని శనివారం నేనే నిచ్చెన ఎక్కాను. ఇసుక గడియారం మీద రెండు పూతలు వేసినా పాత గీతలు కనబడుతూనే ఉన్నాయి. మూడో పూత వేశాను.

మర్నాడు చర్చి అయ్యాక, జరిగింది చెప్పేద్దామని సీతాఫల్‌మండిలో డ్రాయింగ్ సార్ ఇంటికి వెళ్లాను. ఆయనకు చూపు దాదాపు పోయింది. నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పెయింటు వాసన వస్తుంది బిడ్డా. మన డాలుకు రంగులేస్తున్నవా?"

"అవును సార్."

"ఇసుకకు ఉత్త పసుపు వెయ్యకు. జెర గోధుమరంగు కలుపు. లేకుంటే ఎండకు వెలిసిపోతది."

"అట్లనే కలుపుతా సార్" అన్నాను. ఆయన ఎంత కలపాలో వివరంగా చెబుతూ ఉంటే, ఊ కొడుతూ కూర్చున్నాను.