రేట్ల ఫైలు పోయిన రోజు

వాషింగ్ మెషిన్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ నిన్న మా వరండాలో కూర్చుని, కొత్త బేరింగుకు చుట్టిన నూనె కాగితం విప్పాడు. ఆ వాసన తగలగానే చేతిలో పని వదిలేసి అక్కడే నిలబడిపోయాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను మొదటి ఉద్యోగం చేసిన గదంతా ఇదే వాసన. ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే హోల్‌సేల్ దుకాణం మేడ మీద గది అది. అందులో దుకాణం ఫైళ్ళన్నీ దాచే ఒక లైనక్స్ సర్వరు ఉండేది. దానికీ, నాకూ పని నేర్పింది ఇందిర గారు.

ఇందిర గారిది బందరు వైపు చేపల వ్యాపారం చేసే కుటుంబం. మాట గట్టి, నవ్వు అంతకంటే గట్టి. ఏదైనా చెడిపోతే మనకు విసుగొస్తుంది కదా, ఆవిడకు హుషారొచ్చేది. కుర్చీ ముందుకు లాక్కుని "రా పద్మా, ఇదెందుకిలా చేసిందో చూద్దాం" అనేవారు. నేను ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చి రేట్లు ఎక్కించే కొత్త పిల్లను. కంప్యూటరంటే భయం, ఆవిడంటే ఇంకా భయం.

ఆవిడ రాకముందు దుకాణంలో అందరికీ ఒకటే లాగిన్, ఒకటే పాస్‌వర్డు. అది యజమాని రావుగారి ఇలవేల్పు పేరు. ఎవరడిగినా చెప్పేసేవాళ్ళం. పెద్దవాళ్ళు అడిగితే చెప్పకపోవడం మా దగ్గర మర్యాద కాదు. ఇందిర గారు వస్తూనే ఎవరి లాగిన్ వాళ్ళకిచ్చి, పాస్‌వర్డు ఎవరికీ చెప్పొద్దన్నారు. రావుగారు నొచ్చుకున్నారు.

"మనవాళ్ళ మధ్య తాళాలేంటండీ, ఇందిరగారూ?"

"మరి మీ బీరువా తాళంచెవి మీ జేబులోనే ఎందుకుందండీ?"

ఆయన జేబు తడుముకుని నవ్వేశారు. ఆ నవ్వుతోనే కొత్త పద్ధతి మొదలైంది.

ప్రతి ఫైలు పక్కనా కనిపించే అక్షరాల వరుసను చదవడం ఇందిర గారు నాకు నేర్పారు. సొంతదారు ఏం చేయొచ్చు, గుంపులోవాళ్ళు ఏం చేయొచ్చు, బయటివాళ్ళు ఏం చేయొచ్చు. చదవడం, రాయడం, నడపడం. ఫోల్డరును నడపడమేమిటండీ అని అడిగాను. "నువ్వే తేల్చి చెప్పు" అని టీకి వెళ్ళిపోయారు. ఆ హక్కు తీసేసి, మళ్ళీ పెట్టి, మధ్యాహ్నమంతా తంటాలు పడ్డాను. అది ఫోల్డరులోకి అడుగుపెట్టే హక్కని తేలినప్పుడు ఎగిరి గంతేసినంత పని చేశాను. భయం పోయింది ఆ పూటే.

కొన్నాళ్ళకు ఒక ఉదయం రేట్ల ఫైలు కనిపించలేదు. మైలవరం నుంచి ఒక బేరగాడు ఫోన్లో ధర అడుగుతున్నాడు, తెర మీద ఏమీ లేదు. ఇందిర గారు దాచిన కాపీ నుంచి ఫైలును కాసేపట్లో తిరిగి తెచ్చారు. రావుగారి కోపం మాత్రం తగ్గలేదు.

"దాంట్లో రాసే హక్కు నీ ఒక్కదానికే ఉంది కదమ్మా. నువ్వు తీయకపోతే ఎట్టా పోద్ది? రేపట్నుంచి రావొద్దు."

ఉద్యోగమైతే ఇంకోటి దొరికేదేమో. కానీ ఆటోనగర్‌లో ఒక దుకాణం నుంచి పంపించేస్తే, ఎందుకు పంపారో సాయంత్రానికల్లా వీధంతా తెలుస్తుంది. ఆ మచ్చతో ఇంకెవరు గుమ్మం ఎక్కనిస్తారు? పైగా ఆయన చెప్పిన లెక్క నాకూ సరిగ్గానే తోచింది. రాసే హక్కు నాదే కదా, మరి నా చేతి మీదుగా కాక ఎలా పోయిందో నాకూ అంతుపట్టలేదు.

"ఒక్క నిమిషం ఆగండి రావుగారూ," అన్నారు ఇందిర గారు. కళ్ళల్లో అదే హుషారు. అదే ఫోల్డరులో తన పేరు మీద ఒక ఫైలు చేశారు, మిగతావాళ్ళు చదవడమే తప్ప రాయలేకుండా. "మీ లాగిన్‌తో దీన్ని తీసేయండి చూద్దాం."

"నాకు హక్కు లేదుగా?"

"ప్రయత్నించండి."

ఆవిడ చెప్పిన ఆదేశాన్ని ఆయన రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టారు. నిజంగానే తీసేయాలా అని సర్వరు అడిగింది. అవునన్నారు. ఫైలు పోయింది.

రావుగారు కుర్చీ ఇందిర గారి వైపు తిప్పారు.

"ఫైలులో రాయడానికి ఫైలు హక్కు కావాలి. ఫైలును తీసేయడానికి ఫోల్డరు హక్కు చాలు. అందరూ బిల్లులు పెట్టుకోవాలని ఫోల్డరు తెరిచిపెట్టింది నేనే. తప్పు నాదండీ."

"సరే, ఇంతకీ తీసిందెవరు?"

"అది ఎక్కడా నమోదు కాలేదు. ఆ ఫోల్డరులో చెయ్యి పెట్టగలవాళ్ళలో మీరున్నారు, నేనున్నాను. పేరు కావాలంటే నా పేరే అనుకోండి."

రావుగారు నన్ను రావొద్దన్న మాట మళ్ళీ ఎత్తకుండా కిందకి దిగిపోయారు. ఆవిడ ఫోల్డరు మీద ఒక చిన్న గుర్తు పెట్టారు. ఇక ఎవరి ఫైలు వాళ్ళే తీయగలరు. ఆ నెల ఆవిడకు పెంచుతామన్న జీతం పెంచలేదని తర్వాత తెలిసింది. నాకోసం అంత పడ్డారని తెలిసి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

ఇప్పుడు విజయవాడలోనే ఒక ఆఫీసు సర్వర్లన్నీ నా చేతి కింద ఉన్నాయి, నా దగ్గర కొత్తగా చదువు ముగించిన పిల్లలు పనిచేస్తారు. ఏదైనా పోయినప్పుడు "రండి, ఎలా పోయిందో చూద్దాం" అంటాను. కానీ "నువ్వేనా?" అన్న మాట ప్రతిసారీ నాలుక చివరిదాకా వస్తుంది, పళ్ళ మధ్య నొక్కిపెడతాను. ఇందిర గారితో పనిచేసినన్నాళ్ళూ ఆ మాట నన్ను ఆవిడ ఒక్కసారీ అడగలేదు. ఆవిడకు ఆ అనుమానమే రాలేదా, వచ్చినా నాలాగే నొక్కిపెట్టుకున్నారా? అన్నీ అడగడం నేర్పిన మనిషిని ఆ ఒక్కటీ అడగలేకపోయాను.