చివరి ఫారం

మా ఆయన పుస్తకాలకు బైండింగు చేస్తారు. అనుమానం ఆయన రెండో వృత్తి. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తారు. నేను కాచిన పాలు వాసన చూడందే తాగరు. ముప్పై ఏళ్ళుగా ఈ పరీక్షలన్నీ పాసవుతూ వస్తున్నాను.

వేల పుస్తకాలు కుట్టిన ఈ మనిషి ఒక్క నవల కూడా చదవలేదు. ఒక్కదాని కథ మాత్రం ఆయనకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు మా వదిన, అంటే ఆయన అక్క, అట్టలకు జిగురు పూస్తూ రోజుకింత చెప్పేదట. అందులో అమ్మాయి మొగుణ్ణి వదిలి వచ్చేసి, కుట్టుమిషను పెట్టుకుని తలెత్తుకు బతుకుతుంది. వదిన కూడా అలా వచ్చేసిన మనిషే. తల్లి లేని తమ్ముణ్ణి ఆవిడే పెంచింది.

పోయిన వారం మా అమ్మాయి రెండు సంచులతో పుట్టింటికి వచ్చేసింది. ఏమైందే అంటే గోడవైపు తిరిగి పడుకుంది. ఈయనకు ఇలాంటప్పుడు నోరు పెగలదు. గ్రంథాలయం వాళ్ళు బైండింగుకు పంపిన మూటలో ఆ నవల కనబడితే, తెచ్చి దాని మంచం మీద పెట్టారు.

"చదువమ్మా. నేను చెప్పాలనుకున్నదంతా ఇందులోనే ఉంది."

మూడో రోజు సాయంత్రం అమ్మాయి ఆ పుస్తకాన్ని ఆయన బల్ల మీద పడేసింది.

"అర్థమైంది నాన్నా. రేపే వెళ్ళిపోతాను."

"ఎక్కడికి?"

"ఇంకెక్కడికి? నలభై పేజీలు వెన్నెల, నలభై పేజీలు నీతులు. చివరికి ఆవిడ తిరిగెళ్ళి మొగుడి కాళ్ళ మీద పడుతుంది. ఇదేగా నువ్వు చెప్పాలనుకున్నది?"

ఆయన చివరి పేజీలు తిప్పి చూశారు. "ఎవడో చివరి ఫారం మార్చేశాడు" అన్నారు. పదహారు పేజీల కట్టను వాళ్ళు ఫారం అంటారు. కూర్చుని కుట్టంతా విప్పారు. కాగితం రంగు పోల్చారు, సూది రంధ్రాలు లెక్కపెట్టారు. గ్రంథాలయం గుమాస్తాను అనుమానించారు. నావైపు కూడా ఒక చూపు చూశారు. నాకు ఒళ్ళు మండింది.

"అవును, వంటింట్లో పని లేక నేనే మార్చాను" అన్నాను.

అన్నీ ఒకే కాగితం, ఒకే అచ్చు. ఇక లాభం లేదని పక్కవీధిలోంచి వదినను పిలుచుకొచ్చాను. ఆవిడ విప్పిన పుస్తకాన్నీ తమ్ముణ్ణీ చూసింది.

"ఎవరూ ఏమీ మార్చలేదురా. ఆ నవల అంతే."

"మరి నాకు చెప్పిన కథ?"

"నీకప్పుడు పదేళ్ళు. నేను పుట్టింటికొచ్చి నెల కాలేదు. ఆ నవల చదివి, తప్పంతా నాదేననుకుని పెట్టె సర్దుకున్నాను. నువ్వు గుమ్మానికి అడ్డంగా నిలబడి, 'అక్కా, కథలో అమ్మాయి కూడా వెళ్ళిపోతుందా?' అన్నావు. వెళ్ళదురా అన్నాను. అన్నాక ఇంకెలా వెళ్ళను?"

ఆయన చేతిలోని దారం బల్ల మీద పెట్టారు. తర్వాత లేచి, సంచులు సర్దుకుంటున్న కూతురి దగ్గరికి వెళ్ళారు.

"వెళ్ళకు తల్లీ. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నేనే చెబుతున్నాను."

అది తండ్రిని ఎగాదిగా చూసింది. ఆ అనుమానపు చూపు అచ్చం ఆయనదే. మళ్ళీ చెప్పమంది. ఆయన మళ్ళీ చెప్పారు.