హాతీరాం వెండి గీయడం నేర్చుకున్న సంగతి

పాల్వంచ బజార్లో మాది పటాలు కట్టే దుకాణం. మా అబ్బా రజాక్ పెట్టాడు, ఆయన తర్వాత నేను కూర్చున్నాను. దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు, ఏది తెచ్చినా కొలతకు అద్దం కోసి చట్రం బిగించి ఇవ్వడం నా పని. నా పేరు ముక్తార్. చేతులు ఒద్దికగానే పనిచేస్తాయి, నోరే ఊరుకోదు. అడగనివాడికి కూడా పిలిచి సలహా ఇస్తాను. ఈ జబ్బు వల్ల చాలామందితో మాట పడ్డాను, దులుపుకున్నాను. హాతీరాం దగ్గర మాత్రం ఇప్పటికీ నా తల లేవదు.

హాతీరాం కరెంటు ఫ్యాక్టరీలో ఖలాసీ. వ్యాగన్ల నుంచి బొగ్గు దింపే చోట షిఫ్టు డ్యూటీ. లంబాడా మనిషి, అప్పటికి పాతికేళ్లుంటాయి. వాళ్ల తండా ఇల్లందు దారిలో, బస్సు దిగి అడవిలో గంటసేపు నడిస్తే వస్తుంది. అమ్మానాన్నలు అక్కడే ఉండేవారు, ఇతనికి కాలనీలో ఒక గది క్వార్టరు ఇచ్చారు. ఎనభై మూడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నా దుకాణం ముందు నిలబడి, పనికిరాని అట్టముక్కలుంటే ఇమ్మని అడిగాడు.

"అట్టలెందుకు తమ్మీ?"

"కాయితం కింద పెట్టుకోనీకి భాయ్. బొమ్మలు గీస్త."

చొక్కా లోపలి నుంచి మడతపెట్టిన కాగితం తీసి చూపించాడు. తనతో పనిచేసే లాలు బొమ్మట. మీసం ఉంది, చెవులున్నాయి, కళ్లు మాత్రం వెంట్రుకల మొదట్లో అతుక్కుని ఉన్నాయి.

"ఇదేంది, లాలు నుదురు ఎవడు కోసుకపోయిండు?" అన్నాను. దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు పగలబడి నవ్వారు. హాతీరాం కాగితం మళ్లీ మడిచి, అట్టలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇంకోడైతే మళ్లీ మొహం చూపించడు.

వారం తిరక్కుండా వచ్చాడు. చేతిలో దారం. "భాయ్, జరసేపు కదలకుండ కూసో" అని, గిరాకీల ముందే నా తల మీంచి గడ్డం దాకా దారం పట్టి, సగానికి మడిచి మళ్లీ పెట్టాడు. "చూసినవా? కండ్లు తలకాయకు నట్టనడుమ ఉంటయి. లాలుకు గట్లనే ఉన్నయి, నీకు గట్లనే ఉన్నయి. మనకు మొహమే కనపడుతది గని పైనున్న తలకాయ కనపడదు, గందుకే కండ్లు పైకి పోతయి." ఏదో గొప్ప దొంగతనం పట్టుకున్నవాడిలా చెప్పాడు.

అతనికి గురువు లేడు, పుస్తకం లేదు. తప్పు చేయడం, ఆ తప్పెక్కడుందో తనే వెతుక్కోవడం, అదే బడి. ముక్కుకు రెండు పక్కలా గీతలు గీసి ఆరు నెలలు అవస్థపడ్డాడు. ఒకరోజు నా దుకాణంలో అద్దంలో తన ముక్కునే చూసుకుంటూ, "భాయ్, ముక్కుకు గీతలే లేవు. ఒక దిక్కు నీడ ఉన్నది, గంతే" అన్నాడు. ఆ రోజు నుంచి గీత తగ్గింది, నీడ పెరిగింది. పటాలకు వేసే అద్దం ఒకటి, ఓ మూల పగిలినది ఇచ్చాను. దాని మీద తెల్ల రంగుతో గళ్లు గీసుకుని, మనిషి ముందు నిలబెట్టి, కాగితం మీద కూడా అన్నే గళ్లు వేసి, అద్దంలోంచి ఏ గడిలో ఏముందో చూసి దింపేవాడు. చాయ్ హోటల్ మనిషిని గీశాడు, కాలనీ వాచ్‌మన్‌ను గీశాడు. నన్ను గీస్తే నా బుగ్గ మీది పులిపిరితో సహా దిగింది. మా ఆవిడ షాకేరా అది చూసి, "అచ్చం మీరే" అని మూడు రోజులు నవ్వింది. నాకు కోపమొచ్చింది కానీ, బొమ్మ మాత్రం అచ్చం నేనే.

ఇట్లా రెండేళ్లు గడిచాక, కాలనీ క్లబ్బులో బొమ్మల పోటీ పెడుతున్నారని తెలిసింది. హాతీరాం తండాకు పోయి తల్లి సక్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసుకొచ్చాడు. కాగితం విప్పగానే నా నోరు కూడా కాసేపు ఊరుకుంది. ఎండకు చిట్లించిన కళ్లు, కళ్ల కింద ముడతలు, ఏదో అనబోయి ఆగినట్టున్న పెదవులు. ఆమెను నేనప్పటికి చూడలేదు, అయినా చూసినట్టే అనిపించింది. రెండు చెంపల పక్కన మాత్రం బూడిద రంగు ముద్దలు.

"ఇవేంది?"

"టోప్లీలు భాయ్. వెండియి. మా ఆడోళ్లు జడపాయలకు కట్టుకుంటరు, కింద మువ్వలు ఏలాడుతయి. గవి వస్తలేవు. నాలుగుసార్లు తుడిచిన. వెండి గీస్తే మట్టి లెక్క వస్తున్నది."

పోటీకి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. తగుదునమ్మా అని నేను నోరు తెరిచాను. "రాకపోతే తీసెయ్యి. మొహం ముఖ్యం గాని సొమ్ములా? అవి లేకుంటే ఎవరి తల్లన్నా కావొచ్చు. ఆఫీసర్లు చూస్తరు, తండా బొమ్మ అని పక్కన పెట్టరు."

ఆ చివరి మాట నేను అన్నాను. అనలేదని చెప్పి తప్పుకోను. హాతీరాం ఒక్క క్షణం నా వైపు చూశాడు. వద్దంటాడేమో అనుకున్నాను. అనలేదు. నా బల్ల మీదే కూర్చుని రబ్బరుతో ఆ ముద్దలు తుడిచేసి, ఆ చోట నల్లగా జుట్టు నింపాడు. రెండో బహుమతి వచ్చింది. చట్రం నేనే కట్టి, నా పనితనం నలుగురికీ తెలియాలని దుకాణం ముందు వేలాడదీశాను.

నెల తర్వాత ఒక ఉదయం ఒకామె ఆ పటం ముందు ఆగింది. ఎర్ర పేట్యా లంగా, అద్దాల రవిక, మోచేతుల పైదాకా తెల్లగాజులు. చెంపల పక్కన వెండి టోప్లీలు. మొహం చూడగానే పోల్చుకున్నాను.

"సాయబూ, ఇది నేనే గద?"

"అవ్ అమ్మా, నువ్వే! నీ కొడుకు గీసిండు. ఇనాము వచ్చింది తెలుసా?" అని సంబరంగా లేచాను.

ఆమె పటం దగ్గరికి వచ్చింది. బొమ్మ చెంప మీద వేలు పెట్టి చూసింది, తర్వాత తన చెంప తడుముకుంది. మువ్వలు కదిలాయి.

"నా టోప్లీలేవి?"

అంతలోనే హాతీరాం వచ్చాడు. తండ్రి దేవ్లాను దవాఖానాలో చూపించి రిక్షాలో తీసుకొస్తున్నాడు. దేవ్లా బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మనిషి, ఆయాసంతో రిక్షా దిగలేక అందులోనే కూర్చుండిపోయాడు. కొడుకు తల్లిని చూశాడు, పటాన్ని చూశాడు, అక్కడే నిలబడిపోయాడు.

సక్రి నాతోనే అంది. "మొగడు సచ్చినంకనే మా ఆడోళ్ల నెత్తికెంచి ఇవి తీస్తరు సాయబూ. మా ఆయన గా రిక్షాల కూసున్నడు. ఇది చూస్తే ఏమనుకుంటడు?"

నా తల కొట్టేసినట్టయింది. నాకు ఆ సంగతి నిజంగా తెలియదు. కానీ హాతీరాం తండాలో పుట్టినవాడు, అతనికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? గబగబా పటం దించి గోడవైపు తిప్పాను.

"రాలేదు యాడీ" అన్నాడు హాతీరాం తల్లితో, నేల చూస్తూ. "వెండి గీసుడు నాకు రాదు."

"రాకనే తీసినవా?"

హాతీరాం రిక్షా వైపు తిరగబోయాడు. ఆమె ఆపి, "రాకపోతే నేర్చుకో. మీ అయ్య ఉన్నప్పుడే గియ్యి. తరువాత గీస్తనంటే ఇవి నాకు ఉండవు" అంది. రిక్షాలోంచి దేవ్లా ఏందదని దగ్గుతూ అడిగాడు. "ఏం లేదు, దేవుని పటాలు" అంటూ ఆమె వెళ్లి అతని పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రమే హాతీరాం వచ్చి పటం విప్పించి బొమ్మ తీసుకుపోయాడు. ఏం చేశాడో నేను అడగలేదు. ఆ తర్వాత మూడు నెలలు దుకాణం వైపు రాలేదు. బజార్లో ఒకసారి ఎదురుపడితే ఇద్దరం చెరో పక్కకు చూసుకున్నాం. తండాకు కూడా పోవడం లేదని, సెలవు రోజు కూడా డ్యూటీ వేయించుకుంటున్నాడని, తండ్రికి మందులు అటు పోయే వాళ్లతో పంపుతున్నాడని లాలు చెప్పాడు. తల్లి ముందు నిలబడడానికి ముఖం చెల్లలేదు అతనికి. నేనైనా పిలిచి, పోరా బాబూ, ముసలాయనకు బాగాలేదు, పోయి గీసుకో అని చెప్పాల్సింది. ఊరందరికీ సలహాలిచ్చే నోరు ఆ మూడు నెలలూ మూసుకుని కూర్చుంది.

వానలు పడే రోజుల్లో తనే వచ్చాడు. తడిసిన తల తుడుచుకోకుండానే బల్ల మీద కూర్చున్నాడు.

"టోప్లీలు రాక తీయలే భాయ్. వెండి రాకపోయేది నిజమే. గని నువ్వు తీసెయ్యి అన్నప్పుడు నాకు పానం నిమ్మళమైంది. క్లబ్బుల ఒక మేడం వచ్చి, బాగుంది, ఎవరీమె అని మంచిగనే అడిగింది. మా యాడి అనలేదు. ఊరికనే ఊహించి గీసిన అన్న." రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "కండ్ల ముంగట లేనిది ఒక్క గీత గియ్యనోన్ని, ఊహించి గీసిన అన్న. మా యాడికి గూడ తెలుసు. రాకనే తీసినవా అని అడిగింది గద, అప్పుడే తెలుసు."

నేను చేసిన దానికి మాఫీ అడగాలి. చాయ్ చెప్పాను, అంతే.

ఆ వారమంతా హాతీరాం చాయ్ హోటల్లో స్టీలు గ్లాసు ముందు పెట్టుకుని గీశాడు. గ్లాసులు, గరిటెలు, చివరికి నా అత్తరు సీసా వెండి మూత. కాగితాలు కాగితాలు పాడయ్యాయి. ఒకరోజు పరుగున వచ్చాడు. "మెరుపును గియ్యద్దు భాయ్! దాని పక్కన నల్లగ చెయ్యాలె, దాన్ని ఇడిసిపెట్టాలె. తెల్లది కాయితమే. నేను ఇన్ని దినాలు మెరుపు మీద పెన్సిల్ రుద్దిన, గందుకే మట్టయింది." చూపించిన కాగితంలో నా అత్తరు మూత తళతళలాడుతోంది. ఆ రోజు ఇద్దరం మొదటిసారి నవ్వాం.

ఆ వారం నుంచి సెలవు దొరికితే తండాకు పోయాడు. సక్రి గుడిసె ముందుకు వచ్చి కూర్చుందట. పక్కన మంచంలో దేవ్లా పడుకుని చూస్తుండేవాడు, గళ్ల అద్దంలోంచి తన పెళ్లాం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోందని నవ్వి దగ్గు తెచ్చుకునేవాడు. మొహం రెండు సెలవుల్లో వచ్చింది. మూడో సెలవుకు ఎడమ టోప్లీ, నాలుగో సెలవుకు దాని కింది మువ్వలు. ఒక్కో మువ్వకు ఒక్కో మెరుపు వదలాలి, తొందరపడితే కుదరదు. కుడివైపుది ఐదో సెలవుకు అనుకున్నాడు. ఐదో సెలవు రాకముందే దేవ్లా పోయాడు.

మట్టికి నేనూ పోయాను. ఆడవాళ్లు సక్రిని పక్కకు తీసుకుపోయి మళ్లీ తీసుకొచ్చేసరికి, మోచేతుల పైన గాజులు లేవు, చెంపల పక్కన టోప్లీలు లేవు. రెండు పాయలూ ఖాళీగా వేలాడుతున్నాయి. నా బల్ల మీద హాతీరాం రబ్బరుతో చేసిన మొహం అదే. ఆమె వైపు చూడలేక చెట్ల వైపు నడిచాను.

నెల గడిచాక హాతీరాం ఆ బొమ్మ తెచ్చాడు, చట్రం కట్టమని. ఎడమ పక్క వెండి ముట్టుకుంటే చల్లగా తగులుతుందేమో అన్నట్టుంది. కుడి పక్క ఒట్టి కాగితం, లేత పెన్సిల్ గళ్లు. ఇంత జరిగినా నా నోటికి బుద్ధి రాలేదు.

"ఆ దిక్కుదీ ఇట్లాంటిదే గద తమ్మీ. దీన్ని చూసి తిప్పి వేసెయ్యరాదు?"

"నేను గూడ గట్లనే అనుకున్న భాయ్. పెన్సిల్ పట్టిన. యాడి చెయ్యి పట్టుకున్నది."

"ఏమన్నది?"

"గా ఖాళీ నువ్వు ఇంటికి రాని మూడు నెల్లది, గట్లనే ఉండనియ్యి అన్నది."

నేను అద్దం తుడిచాను. తుడిచిందే తుడిచాను. మేకులు కొట్టి పటం అతని చేతిలో పెట్టాను.

ఆ పటం ఇప్పటికీ హాతీరాం క్వార్టరులో, తలుపు తీయగానే కనిపించే గోడకుంది. వచ్చినవాళ్లు ఒక పక్క ఎందుకు వదిలేశావని అడక్కుండా ఉండరు. ఆఫీసరైనా, కొత్తగా చేరిన ఖలాసీ అయినా ఒకటే జవాబు. "మా యాడి" అని మొదలుపెడతాడు. టోప్లీలంటే ఏమిటో చెబుతాడు. పోటీ కోసం వాటిని తుడిచేశానని, క్లబ్బులో ఊహించి గీశానని అబద్ధం ఆడానని, ఆ తర్వాత సిగ్గుతో మూడు నెలలు ఇంటి గడప తొక్కలేదని, ఏదీ దాచడు. చాలాసార్లు నేనూ అక్కడే కూర్చుని ఉంటాను. తీసేయమన్నది ఎవరని ఒకరిద్దరు అడిగారు కూడా. హాతీరాం నా వైపు చూడనైనా చూడడు. "ఎవరంటరు? నాకే బుద్ధి లేకపాయె" అంటాడు.