తలుపు వెనక శ్రుతిపెట్టె

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి దేవేంద్రప్ప శ్రుతిపెట్టె చంకన పెట్టుకుని లక్ష్మన్న ఇంట్లోకి వెనక వాకిలి గుండా పోయాడు. ముందు వాకిట్లో పెండ్లిచూపులకు వచ్చేవాళ్ళ కోసం ముగ్గేసి ఉంది. ఆ ముగ్గు తొక్కే అర్హత సంగీతం అయివారికి లేదు. ఆయన కూచోవాల్సింది వంటింటి పక్క గదిలో, బియ్యం మూటల నడుమ, తలుపు వారగా మూసుకుని. అక్కణ్ణించి ఆయన తిత్తి ఆడిస్తుంటే, ఆ శ్రుతికి నడవలో కూచున్న పిల్ల పాడుతుంది.

కర్నూల్లో ఇది ఆయనకు ఇరవై నాలుగో తలుపు. రాజధాని వచ్చి, దాంతో పాటు గుమాస్తా పెండ్లికొడుకులు ఊళ్ళో దిగిన ఈ ఏడాదిన్నరలో అయితే ఆడపిల్లల తల్లులకు సంగీతం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "అయివారూ, మూడు నెలల్లో ఒక పాట వచ్చేటట్టు చెప్పండి" అంటారు. రెండో పాట అడిగిన తల్లి లేదు. పెండ్లి ఖాయమైన వారానికి పిల్ల మానేస్తుంది. తంబురా సారెతో పాటు అత్తగారింటికి పోయి అటకెక్కుతుంది. ఇప్పటిదాకా నేర్చిన ఇరవై ముగ్గురిలో తెగిన తీగ మళ్ళీ కట్టించుకున్నది ఒక్కతీ లేదు.

హంపమ్మ అట్లా కాదు. నూనె మిల్లు లక్ష్మన్న కూతురు, నాలుగేండ్లుగా నేర్చుకుంటోంది. తోడి రాగం ఎత్తుకుంటే అరగంట సేపు దారి తప్పదు. బట్టలంగళ్ళ వీధి శ్రీరామనవమి పందిట్లో ఇరవై రెండేండ్లుగా ఒక సాయంత్రం కచేరీ దేవేంద్రప్పది. ఈసారి దాన్ని ఆ పిల్లకు ఇచ్చేశాడు. ఒక్క శిష్యురాలైనా పందిట్లో కూచుని పాడితే, తాను నేర్పేది పెండ్లిచూపుల సరుకు కాదని ఊరికి తెలుస్తుందని ఆయన ఆశ. లక్ష్మన్న మాత్రం ఒక మెలిక పెట్టాడు. "అబ్బాయి వాళ్ళు సరేనంటే పాడిస్తా."

అబ్బాయి వాళ్ళు తొమ్మిదింటికి వచ్చారు. బద్వేలు దగ్గర భూములున్న తిమ్మయ్య, ఆయన చెల్లెలు గురమ్మ, కొడుకు నరసింహ. నరసింహ ఇక్కడే సెక్రటేరియట్‌లో గుమాస్తా. తలుపు సందులోంచి చూసి దేవేంద్రప్ప గుర్తుపట్టాడు. కచేరీల్లో ముందు వరసలో కూచుని, తొడ మీద తాళం తప్పుగా వేసి, తని అని మృదంగం ఒంటరిగా మొదలు కాగానే కాఫీకి లేచిపోయే పెద్దమనిషి!

"మావానికి సంగీతమంటే ప్రాణం" అన్నాడు తిమ్మయ్య ఉప్మా నములుతూ.

హంపమ్మ తోడి ఎత్తుకుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు, గురమ్మ పక్కకు వంగి హంపమ్మ తల్లితో అంది. "అయ్యో వదినా, పాప పాట మర్చిపోయినట్టుండాది. ఇందాకట్నించీ ఆ ఆ అని వెతుక్కుంటాంది. ఎవరన్నా మొదలు అందీయండి, పాపం."

"మర్చిపోలేదత్తా, అది రాగం" అన్నాడు నరసింహ. తలుపు వెనక దేవేంద్రప్పకు ప్రాణం లేచొచ్చింది. "మొదట్లో అట్లే ఉంటాది. కాసేపటికి పోతాది." ఎక్కిళ్ళ గురించి చెప్పినట్టు చెప్పాడు.

తల్లి కళ్ళెర్రజేసింది. హంపమ్మ రాగం సగంలో కోసేసి కీర్తన అందుకుంది. చరణానికి వచ్చేసరికి తిమ్మయ్య, లక్ష్మన్న ఈ ఏడు వేరుశనగ బుడ్డల దిగుబడి మాట్లాడుకుంటున్నారు. పాట అయిపోయిందని వాళ్ళకు తెలిసింది గురమ్మ నిట్టూర్పు విన్నాకే.

"సినిమా పాట ఏదన్నా వస్తాదా?" అన్నాడు నరసింహ, సిగ్గుపడుతూ.

దేవేంద్రప్ప తిత్తి మూసేశాడు. శ్రుతి ఆగిపోయింది. ఆధారం లేక పిల్ల గొంతు జారుతుంది, ఈ మూకకు ఆ మాత్రం జారిన పాటే తగును అనుకున్నాడు.

జారలేదు. హంపమ్మ సినిమా పాట మొదలు నుంచి చివరిదాకా వెంట్రుకవాసి దిగకుండా పాడింది. గొంతు పైషడ్జానికి ఎక్కేచోట నాలుగేండ్లుగా ఆయన తిట్టినా పోని బెరుకు, ఇప్పుడు వెతికినా లేదు. తిమ్మయ్య బుడ్డల సంగతి మధ్యలో ఆపేశాడు.

"పాటంటే ఇదీ! ఇంతసేపూ దీన్ని యాడ దాచినావమ్మా?" అంది గురమ్మ.

వాళ్ళు పోయాక లక్ష్మన్న లోపలికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఖాయమైనట్టే అయివారూ."

"పందిరి మాట అడిగినావా?"

"అడిగినా. పదిమందిలో కూచుని పాడేది వాళ్ళింట్లో లేదంట. ఇంట్లో ఎంత పాడుకున్నా ఏమనుకోరంట. శానా మంచోళ్ళు."

దేవేంద్రప్ప శ్రుతిపెట్టెకు గుడ్డ చుట్టి వెనక వాకిలి దాటుతుంటే హంపమ్మ ఎదురొచ్చింది.

"శ్రుతి ఎందుకు ఆపినారు అయివారూ?"

"నీ మొగునికి శ్రుతితో పనేముండాది? అయినా ఆ చెత్త యాడ నేర్చినావు?"

"మా మిద్దె ఎనక సినిమా టెంటుండాది గదా. దినామూ మైకులో వేస్తారు. ఎవరూ నేర్పలేదు."

"పైషడ్జం బాగా పడింది" అన్నాడు తిట్టినట్టు.

"ఆడ తిట్టేవాళ్ళు లేరు గదా" అంది.

శ్రీరామనవమి పందిట్లో ఆ సాయంత్రం దేవేంద్రప్పే కూచున్నాడు. ఆయన వచ్చేదాకా మైకులో సినిమా రికార్డులు వేశారు. జనం కిక్కిరిసి ఉన్నారు. రికార్డు ఆపగానే సగం మంది లేచారు. కాబోయే అల్లుడి హోదాలో నరసింహ ముందు వరసలో లక్ష్మన్న పక్కన కూచున్నాడు. హంపమ్మ రాలేదు. దేవేంద్రప్ప తోడి ఎత్తుకుని, ఎవరి మీదో కక్ష తీర్చుకున్నట్టు ముప్పావు గంట పాడాడు. ఆ తర్వాత తని మొదలైంది. నరసింహ లేచాడు. మామను కూడా లేపుకుని పోయాడు.

మంగళం పాడేసరికి పందిట్లో పదకొండు మంది మిగిలారు. అందులో నలుగురు చాపలు చుట్టడానికి వచ్చినవాళ్ళు.