గనిలోకి దిగని డబ్బా

గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ గనికి నేను సేఫ్టీ ఆఫీసరుగా బదిలీ అయింది రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో. అంతకుముందు గోలేటి గనిలో అండర్ మేనేజరుగా చేశాను. బయటివాళ్లు సేఫ్టీ ఆఫీసరంటే గనికి పెద్ద అనుకుంటారు. చట్టం ప్రకారం గనికి బాధ్యుడు మేనేజరు. ఆయన అడిగితే సలహా రాయడం, అడగకపోయినా లోపాలు చూపించడం మాత్రమే నా పని.

మరుసటి ఫిబ్రవరిలో మేనేజరు నుంచి నా అభిప్రాయం కోసం ఒక దరఖాస్తు వచ్చింది. ఊళ్లోని డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చివరి సంవత్సరం విద్యార్థులు ప్రతి శనివారం ఒక సెమినారు నడుపుకునేవారు. విషయాలు కణ భౌతికశాస్త్రం, నక్షత్రాలు. మాట్లాడేది వాళ్లే, అడిగేదీ వాళ్లే. లెక్చరర్లు వెనక బెంచీలో కూర్చోవచ్చు, చివరి పది నిమిషాల దాకా నోరు విప్పకూడదు. ఆ విద్యార్థులు చిన్న డబ్బాలో ఒక పరికరం తయారుచేసుకున్నారు. ఆకాశంలో చాలా ఎత్తున మ్యూయాన్లనే కణాలు పుట్టి మన ఇళ్లలోంచి, ఒంట్లోంచి కూడా దూసుకుపోతుంటాయి. రాయి మందం పెరిగేకొద్దీ అవి తగ్గుతాయి. పైన ఎన్ని, గనిలో ఎన్ని అని లెక్కపెట్టడానికి రెండు గంటలు ఆ డబ్బాను లోపల పెట్టనివ్వమని అడిగారు.

దరఖాస్తు తెచ్చిన అమ్మాయి పేరు స్వప్న. తండ్రి రాజయ్య మా గనిలోనే టింబర్‌మన్, అంటే పైకప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టే కార్మికుడు.

"తొమ్మిది వోల్టుల బ్యాటరీ సార్, పిల్లల బొమ్మల ఉంటది గదా, గట్లాంటిదే," అంది స్వప్న.

బొగ్గులోంచి మీథేన్ వాయువు వస్తుంది. అందుకే ప్రమాదం లేదని పరీక్షించి ఆమోదించిన విద్యుత్ పరికరాలు తప్ప మరేవీ లోపలికి వెళ్లకూడదు. నిబంధన నంబరు వేసి, అనుమతించరాదని ఒక్క వాక్యం రాశాను. మేనేజరు సంతకం పెట్టారు.

విషయం అక్కడితో ఆగలేదు. మా ఏరియా జనరల్ మేనేజరు పిలిపించారు. కార్మికుల పిల్లలు గనిలో ప్రయోగం చేస్తే సంస్థకు మంచి పేరొస్తుందని ఆయన ఆశ. మినహాయింపు కోసం పైకి రాయవచ్చు కదా అన్నారు. నేను సిఫారసు చేయలేనన్నాను. ఆయన ఫైలు తన దగ్గరే పెట్టుకున్నారు. కనీసం మీరే వెళ్లి ఆ పిల్లలకు కారణం చెప్పి రండి, తర్వాత చూద్దామన్నారు.

ఆ శనివారం నాలుగు గంటలకు వెళ్లాను. పై అంతస్తు గది, ముప్పై మంది దాకా పిల్లలు. తలుపు మీద ఆ నెల ప్రసంగాల జాబితా చేత్తో రాసి ఉంది. నా పేరు కూడా అందులో ఉంది. రాజయ్య మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తడి తలతో వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు.

ట్రైనింగు సెంటరులో కొత్త కార్మికులకు చెప్పే పాఠమే చెప్పాను. గాలిలో మీథేన్ ఐదు శాతం దాటితే పేలుతుంది, కాబట్టి ఇది నిషేధం, అది నిషేధం. కార్మికులు ఆ పాఠం విని తలూపి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లేవారు. ఇక్కడ ఎవరూ తలూపలేదు. స్వప్న లేచింది.

"సార్, మీథేన్ అంటుకోవాలంటే నిప్పురవ్వల ఎంత శక్తి ఉండాలె?"

సర్టిఫికెట్ పరీక్షకు చదివిన అంకె. గుర్తు తెచ్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది. సున్నా పాయింటు రెండు ఎనిమిది మిల్లీజౌళ్లు అన్నాను.

ఆమె బోర్డు దగ్గరికి వెళ్లింది. బ్యాటరీ తొమ్మిది వోల్టులే అయినా, లోపల కణాలను పసిగట్టే గాజు గొట్టం పనిచేయాలంటే దాన్ని నాలుగు వందల వోల్టులకు పెంచాలి. ఆ వోల్టేజిని ఒక కెపాసిటర్ పట్టి ఉంచుతుంది. ఆ కెపాసిటర్ విలువ ఆమెకు తెలుసు, తానే సోల్డర్ చేసింది. అందులో నిలవుండే శక్తి: సగం గుణించు కెపాసిటెన్స్, గుణించు వోల్టేజి వర్గం. సున్నా పాయింటు ఎనిమిది మిల్లీజౌళ్లు వచ్చింది. పక్కనే నేను చెప్పిన అంకె రాసింది. మీథేన్ అంటుకోవడానికి చాలినదానికి దాదాపు మూడు రెట్లు.

సమీర్ అనే కుర్రాడు లెక్క మళ్లీ చూడమన్నాడు. మళ్లీ వేసింది. అంతే వచ్చింది. ఆమె తండ్రి వైపు ఒకసారి చూసి సుద్దముక్క కింద పెట్టింది.

"వైరు ఒక్కటి ఊడినా చాలు సార్. దరఖాస్తు వాపసు తీసుకుంటున్నం," అంది.

ఫైలు మూసేయడానికి జనరల్ మేనేజరుకు ఆ మాట సరిపోయింది. నాకు మాత్రం కొంత ఇబ్బందిగానే ఉంది. నా సలహా సరైనదే. కానీ అది రాసేటప్పుడు ఆ డబ్బాలో ఏముందో నేను అడగలేదు, లెక్క వేయలేదు.

సోమవారం రాజయ్య నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను రెండుసార్లు ఫోను పట్టుకొని దిగిన సార్. మా అవ్వ దవాఖానల ఉండె. లోపల సిగ్నల్ రాదని తెల్సు, గయినా మనసు ఆగలే. గేటుకాడ తలాషీల దొరకలే."

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"బోర్డు మీద చూసిన గద సార్. ముప్పై ఏండ్ల సంది వద్దు వద్దంటిరి. వద్దంటే జుర్మాన పైసలకే అనుకున్న."

ఇంకెవరు తెస్తున్నారని అడిగాను. పేర్లు చెప్పలేదు. ఎక్కడ దాస్తారో చెప్పాడు: నడుముకు కట్టుకునే ల్యాంపు బెల్టు వెనక, టిఫిన్ డబ్బా అడుగున.

నిషిద్ధ వస్తువు లోపలికి తీసుకెళ్తే చార్జిషీటు, సస్పెన్షన్ దాకా పోవచ్చు. దాచిపెట్టే అధికారం నాకు లేదు. మేనేజరుకు రాతపూర్వకంగా తెలిపి, తానే వచ్చి చెప్పాడన్న సంగతి కూడా రాశాను. రెండు రోజులు రాజయ్య ఉద్యోగం ఏమవుతుందో తెలియలేదు. మేనేజరు హెచ్చరిక లేఖతో సరిపెట్టారు. రాజయ్య చదివించుకుని సంతకం పెట్టాడు. గని ముఖద్వారం దగ్గర తనిఖీ పద్ధతి మార్చాం. మొదటి వారంలోనే కొన్ని ఫోన్లు, ఒక సిగరెట్ లైటరు దొరికాయి.

విద్యార్థుల సెమినారు ఆగలేదు. తర్వాతి శనివారం సమీర్ న్యూట్రాన్ తారల మీద మాట్లాడాడని విన్నాను.

రిటైరయ్యేదాకా ట్రైనింగు సెంటరులో నా పాఠం వేరుగా నడిచింది. వచ్చినవాళ్లలో ఒకరిని లేపి, ముందుగా ఆ లెక్కను బోర్డు మీద వేయించేవాణ్ని. నిబంధన నంబరు చివర చెప్పేవాణ్ని. నాకు కారణం తెలుసు కాబట్టి ఎదుటివాడికీ తెలుసని అన్నేళ్లు అనుకున్నాను. రిజిస్టరులో సంతకం ఉంటే అర్థమైనట్టేనని లెక్కగట్టాను. అది పొరపాటు. ఆ పొరపాటు వల్ల ఎవరూ చనిపోకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు.