ఖాళీ లైను చప్పుడు

“...ఖాళీ లైను చదవమంటే ఏం చదవల్లన్నా? ఆడ ఏముండాదని?”

“ఏమీ లేకున్నా దానికి నెంబరుంటాది గదమ్మే! ముప్పయ్యో లైన్లో తప్పుండాదని కంప్యూటర్ మొత్తుకుంటాంటే, నువ్వు దాటేసినవాటి పున్నెమా అని పొద్దన్నుంచీ వేరే లైన్లో దేవులాడుతాండా.”

“అయితే నీ కండ్లతో నువ్వే సూసుకో!”

అన్నాక నాగశ్రీ నాలుక కరుచుకుంది. జ్ఞానేశ్వర్ నవ్వాడు. “అవే ఉంటే నీ కాకి గొంతు వినే ఖర్మ నాకేల?”

బేతంచెర్లలో వాళ్ల నాన్న సుబ్బన్నకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. జ్ఞానేశ్వర్‌కు డిగ్రీ చివరి ఏడు చూపు పోయింది. వేళ్లకు కీబోర్డు గుర్తుంది కాబట్టి ప్రోగ్రాములు రాయడం మానలేదు. రాసింది చదివి వినిపించడం చెల్లెలి పని. ఆమెకు కర్నూలులో బీఎడ్ సీటొచ్చింది. చేరడానికి సోమవారం ఆఖరు. అన్నకు ఎవరు చదువుతారని, వచ్చే ఏడు చూద్దామంది.

తెర మీది అక్షరాలను పలికే ఒక ఇంగ్లీషు గొంతు కంప్యూటర్‌లో ఉంది గాని, జ్ఞానేశ్వర్ ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అది నోరు విప్పదు. అయితే ఆ ఎడిటర్‌కు కొత్త పని నేర్పవచ్చు. తెరిచిన ఫైలులో ఎన్ని లైన్లున్నాయని అడిగితే చెబుతుంది. ఫలానా లైను ఇమ్మంటే ఇస్తుంది. ఇచ్చినదాన్ని ఆ గొంతుకు అందించాలి. గొడవ పడిన మధ్యాహ్నమే అతను ఆ పనికి కూర్చున్నాడు. రెండు రోజులు పట్టింది.

గొంతు రెండు లైన్లు పలికి ఆగిపోయింది.

“సచ్చిందిన్నా నీ యంత్రం.”

“సావలేదు. ఖాళీ లైనొచ్చింటాది. దానికి పలికేదానికేమీ దొరకలా.” కాసేపు ఆలోచించాడు. “మైకు తీసుకోనిపోయి గడప కాడ బండ మీద వేలి కణుపుతో కొట్టుమ్మే.”

ఫ్యాక్టరీలో సుబ్బన్న ప్రతి బండనూ అలాగే కొట్టి చూస్తాడు. పగులు లేని బండ ఖణ్‌మంటుంది. పగులుంటే మొద్దుగా మోగుతుంది. నాగశ్రీ వైరు సాగదీసి గడప బండ మీద కొట్టింది.

ఖాళీ లైను వస్తే, రికార్డయిన ఆ చప్పుడు మోగేలా జ్ఞానేశ్వర్ మార్చాడు. మళ్లీ మొదలుపెట్టారు. నెంబరు, లైను. నెంబరు, లైను. నెంబరు, ఖణ్.

జ్ఞానేశ్వర్ చేతులు కీబోర్డు మీద నుంచి లేచి గాలిలో ఆగాయి. ఏడాదిగా ముక్కలు ముక్కలుగా విన్న ప్రోగ్రాము, మధ్యలో ఉన్న ఖాళీలతో సహా, మొదటిసారి అతని ముందు నిలబడింది.

ఒళ్లంతా రాతిపొడితో సుబ్బన్న వాకిట్లోకొచ్చాడు. “ఎవుర్రా బండ కొడతాండేది?”

“ఎవురూ కాదు నాయినా. ఏమీ లేని లైను.”

సుబ్బన్నకు అర్థం కాలేదు. అయినా ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ తల ఊపుతూ, తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ముప్పయ్యో లైను దగ్గర జ్ఞానేశ్వర్ ఆపాడు. మళ్లీ ఒకసారి పలికించాడు. “ఈడ. బ్రాకెట్టు మూయలేదు.” మూశాడు. ప్రోగ్రాము నడిచింది.

నాగశ్రీ మైకు వైరు చుట్టి బల్ల మీద పెట్టింది.

“నాయినా, సోమవారం తొలి బస్సుకు కర్నూలు పోతాండా. కాలేజీలో చేరతా.”